తలరాత చదివిన డాక్టర్ హాన్స్ బెర్గర్



మన గోడపత్రికలో ప్రతి నెలా ఒక గొప్పవారి జీవితం రాస్తున్నాము. కొమురం భీం అయిపోయింది, సావిత్రిబాయి ఫూలే అయిపోయింది, మేరీ క్యూరీ అయిపోయింది. ఈసారి నా వంతు. నేను హాన్స్ బెర్గర్ గురించి రాస్తున్నాను. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. మొన్నటి దాకా నేను కూడా వినలేదు. మనిషి తలలో పుట్టే కరెంటు అలలను మొదటిసారి గీతలుగా రాయించిన డాక్టరు ఆయన. ఆ గీతలనే ఇ.ఇ.జి. అంటారు.

ఈయన గురించి ఎందుకు రాయాలనిపించిందో ముందు చెబుతాను.

సెప్టెంబరులో మనల్ని బస్సులో ఎన్.జి.ఆర్.ఐ.కి తీసుకుపోయారు కదా. మన పీర్జాదిగూడ నుండి ఉప్పల్ దాటి హబ్సిగూడ వైపు పోతే వస్తది. 1961లో పెట్టిన సంస్థ అది. అక్కడ భూకంపాలను రాసే యంత్రం చూశాము. మనం గట్టిగా ఎగిరితే గీత కూడా ఎగిరింది, అందరం నవ్వాము. భూమి కదలనట్టు ఉన్నా లోపల సన్నగా కదులుతూనే ఉంటదని, మనకు తెలియకపోయినా యంత్రానికి తెలుస్తదని అక్కడి సారు చెప్పారు. తిరిగి వస్తుంటే బస్సులో సైన్సు మేడం, మన తలలో కూడా ఇట్లాంటి కదలికే ఉంది, దాన్ని రాసే యంత్రం కూడా ఉంది అన్నారు.

అప్పుడు నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. మాది భద్రాచలం ఏజెన్సీలో కోయ గూడెం. తమ్మునికి ఏడేళ్లప్పుడు ఫిట్స్ మొదలైనాయి. నిలుచున్నవాడు నిలుచున్నట్టే పడిపోయేవాడు. కాళ్లు చేతులు కొట్టుకునేవి, నోటి వెంట నురగ వచ్చేది. గాలి సోకింది అని కొందరు అన్నారు. మా నాయనమ్మ మాత్రం వాని తలరాత అని ఏడ్చేది. ఊరి బడిలో వీనికి చదువు రాదని వెనక కూర్చోబెట్టారు. చివరికి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకొచ్చాము. వాని తలకు జిగురు రాసి ఇరవై దాకా వైర్లు అంటించారు. వానికి కరెంటు పెడుతున్నారని మా అమ్మ భయపడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కంప్యూటరు మీద గీతలు నడిచినాయి. డాక్టరమ్మ అందులో ముల్లులాగా లేచిన గీతలు చూపించి, ఇవే ఫిట్స్ గీతలు అని చెప్పి మాత్రలు రాసింది. రెండేళ్లుగా మాత్రలు మానకుండా వేస్తున్నాము. వానికి మళ్లీ రాలేదు.

ఆ యంత్రం తలలోకి ఏమీ పంపదని, తలలో ఉన్నదే తీసుకొని రాస్తదని నాకు ఇప్పుడు తెలిసింది. మా నాయనమ్మ తలరాత అన్నది. ఆ రాతను చదివే పద్ధతి కనిపెట్టినవారే ఈ బెర్గర్.

జననం – బాల్యం

హాన్స్ బెర్గర్ 1873 మే 21న జర్మనీలో కోబుర్గ్ పట్టణం దగ్గర నోయ్జెస్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి డాక్టరు. తల్లి అన్నా. ఆమె తండ్రి ఫ్రీడ్రిష్ ర్యూకెర్ట్ జర్మనీలో పెద్ద కవి. ఆయన సంస్కృతం నేర్చుకొని, మనం చదువుకున్న నలదమయంతుల కథను, జయదేవుని గీతగోవిందాన్ని జర్మను భాషలోకి తెచ్చారు. అంటే మన దేశపు కథలు బెర్గర్ పుట్టకముందే వాళ్లింట్లో ఉన్నాయి.

బెర్గర్‌కు చిన్నప్పుడు నక్షత్రాల శాస్త్రం ఇష్టం. యేనా పట్టణంలోని విశ్వవిద్యాలయంలో గణితంలో చేరారు. కాని ఒక్క సెమిస్టరు కాగానే చదువు ఆపి గుర్రపు దళంలో ఏడాది పని చేయడానికి పోయారు.

గుర్రం మీద నుండి పడిన రోజు

ఒకరోజు శిక్షణలో ఆయన గుర్రం బెదిరి ముందు కాళ్లు పైకెత్తింది. బెర్గర్ కింద పడిపోయారు. గుర్రాలు లాగుతున్న ఫిరంగి బండి ఆయన మీదికే వస్తోంది. చక్రం ఆయనను తొక్కే ముందు బండి ఆగింది. ప్రాణం దక్కింది.

అదే రోజు సాయంత్రం ఆయనకు ఇంటి నుండి తంతి వచ్చింది. ఎక్కడో దూరాన ఉన్న అక్కకు తమ్మునికి ఏదో అయిందని మనసులో గట్టిగా అనిపించిందట. ఆమె పోరు పెడితే తండ్రి ఎట్లా ఉన్నావని తంతి కొట్టారు. బెర్గర్‌కు ఆశ్చర్యం వేసింది. ఆ సమయంలో తన తలలో పుట్టిన భయం ఏదో శక్తిగా మారి అక్క తలకు చేరింది అనుకున్నారు.

ఇది నిజం కాదు. తల అలలు అంత దూరం పోలేవు. టార్చిలైటు సెల్లులో 1.5 వోల్టులు ఉంటాయి. తల చర్మం మీద దొరికే కరెంటు మామూలుగా దాంట్లో దాదాపు ముప్పై వేల వంతు ఉంటది. అది పక్క మంచానికే చేరదు. కాని ఆ తప్పు ఆలోచనే ఆయనను నక్షత్రాల నుండి మనిషి తల వైపు తిప్పింది. ఆయన వైద్యం చదివి 1897లో డాక్టరు పట్టా తీసుకొని, యేనాలోని మానసిక రోగుల ఆసుపత్రిలో చేరారు.

ముప్పై ఏళ్ల ఓపిక

మెదడు ఆలోచించేటప్పుడు శక్తి ఎక్కడికి పోతది? ఇదే ఆయన ప్రశ్న. మొదట మెదడులో రక్తం ఎట్లా పారుతుందో కొలిచారు. తర్వాత మెదడు వేడిని కొలిచారు. దేంట్లోనూ అనుకున్న జవాబు రాలేదు. 1911లో ఉర్సులా అనే ఆమెను పెళ్లి చేసుకున్నారు. వారికి నలుగురు పిల్లలు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో డాక్టరుగా పని చేశారు. 1919లో ఆసుపత్రికి పెద్ద అయ్యారు. 1927లో విశ్వవిద్యాలయానికే రెక్టరు అయ్యారు.

అయినా ఆయన ఏం పరిశోధన చేస్తున్నారో తోటి డాక్టర్లకు కూడా సరిగా తెలియదు. పగలు రోగులను చూసేవారు, సాయంత్రం ఒంటరిగా తన యంత్రం దగ్గర కూర్చునేవారు.

జంతువుల మెదడులో కరెంటు ఉందని ఇంగ్లండులో రిచర్డ్ కేటన్ అనే డాక్టరు 1875లోనే చూపించారు. మనిషికి ఉందో లేదో ఎవరూ చూపలేదు. 1924 జులై 6న యేనాలో పదిహేడేళ్ల అబ్బాయికి గులెకె అనే డాక్టరు తల ఆపరేషను చేస్తున్నారు. అప్పుడు బెర్గర్ తన యంత్రంతో ఆ అబ్బాయి మెదడు కరెంటు పట్టుకున్నారు. యంత్రంలోని సన్నని తీగ కదిలింది.

మనమైతే ఆ రోజే అందరికీ చెప్పేవాళ్లం. ఆయన ఐదేళ్లు చెప్పలేదు. ఇది గుండె చప్పుడేమో, రక్తం కొట్టుకోవడమేమో, చర్మమో కండరమో కదిలిందేమో అని ఒక్కొక్కటీ పరీక్షించారు. తన తలకే వైర్లు పెట్టుకున్నారు. కొడుకు క్లౌస్ తల మీద డెబ్బై సార్లకు పైగా రాయించారు. కూతురు ఇల్సేను కూడా కూర్చోబెట్టారు. 1929లో మొదటి వ్యాసం అచ్చు వేశారు. 1938 దాకా పద్నాలుగు వ్యాసాలు రాశారు.

చాలామంది నమ్మలేదు. ఇంత నున్నని అల మెదడులో నుండి రావడమేమిటి, యంత్రం తప్పు అన్నారు. 1934లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో నోబెల్ బహుమతి వచ్చిన ఏడ్రియన్, ఆయన తోటి మాథ్యూస్ అదే పరీక్ష మళ్లీ చేసి, బెర్గర్ చెప్పింది నిజమని అందరి ముందు చూపించారు. మరుసటి ఏడాది అమెరికాలో డాక్టర్లు ఒక రకం ఫిట్స్‌లో సెకనుకు మూడు చొప్పున వచ్చే ముల్లు గీతలను కనుక్కున్నారు. మా తమ్ముని డాక్టరమ్మ గీతలు చూసి జబ్బు చెప్పే విద్య అక్కడి నుండే మొదలైంది.

లెక్క చేసేటప్పుడు తలలో ఏమవుతది?

ఇది అన్నిటికన్నా నాకు నచ్చిన భాగం. కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను.

కళ్లు మూసుకొని ఊరికే కూర్చున్న మనిషి తల నుండి సెకనుకు దాదాపు పది పెద్ద అలలు వస్తాయని బెర్గర్ చూశారు. వాటికి ఆల్ఫా అని పేరు పెట్టారు. ఆ మనిషి కళ్లు తెరిస్తే ఆ పెద్ద అలలు తగ్గిపోయి, చిన్నవి, తొందర తొందరగా వచ్చేవి మిగిలాయి. వీటికి బీటా అని పేరు. ఇంకో వింత కూడా చూశారు. కళ్లు మూసుకునే ఉన్నా, కష్టమైన నోటిలెక్క ఇస్తే ఆల్ఫా తగ్గిపోతది. లెక్క అయిపోగానే మళ్లీ వస్తది.

కష్టపడుతుంటే అల పెద్దది కావాలి గాని చిన్నది కావడమేమిటని నాకు అర్థం కాలేదు. సైన్సు మేడం అడిగారు, అన్నం బండి రాకముందు డైనింగ్ హాలులో మీరేం చేస్తారని. అందరం పళ్లాలు ఒకే తాళంలో కొడతాము. ఆ చప్పుడు గేటు దాకా వినిపిస్తది. అన్నం రాగానే ఎవరి పని వారిది. ఒకరు కలుపుతారు, ఒకరు పచ్చడి అడుగుతారు, ఒకరు నీళ్లు తెస్తారు. పని ఎక్కువైంది, కాని ఒక్క చప్పుడు లేదు. మెదడు కణాలు కూడా అంతే. తీరికగా ఉంటే లక్షల కణాలు కలిసి ఒకే తాళం కొడతాయి, అల పెద్దగా కనిపిస్తది. పనిలో పడితే ఎవరి తాళం వారిది, అల చిన్నగా కనిపిస్తది.

బెర్గర్ తర్వాత వచ్చినవాళ్లు ఇంకా కొన్ని తాళాలు కనుక్కున్నారు. థీటా నెమ్మది అల, సెకనుకు నాలుగు నుండి ఎనిమిది. గామా చాలా వేగం, ముప్పైకి పైన. గుర్తు పెట్టుకొని చేయాల్సిన కష్టమైన పని ఇస్తే నుదుటి వెనక ఉన్న మెదడులో థీటా బలంగా అవుతది. మీరు కూడా కళ్లు మూసుకొని 100లో నుండి 7 తీయండి, మిగిలినదాంట్లో మళ్లీ 7 తీయండి. 93, 86, 79 అని పోతుంటే నుదురు బిగుసుకుంటది కదా. చూస్తే కనిపించేది నుదురే. దాని వెనకాల థీటా నడుస్తూ ఉంటది.

ఈ తాళాలు వేటికవి విడిగా ఉండవు. ఒకదానిమీద ఒకటి ఆధారపడతాయి. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు, ఆపరేషను కోసం మెదడు మీదనే వైర్లు పెట్టిన రోగులలో ఇది చూశారు. థీటా అల ఒక చోటికి వచ్చినప్పుడు వేగమైన గామా బలంగా లేస్తది, ఇంకో చోటికి పోయినప్పుడు తగ్గుతది. పని కష్టమైనదైతే మెదడులో దూరంగా ఉన్న భాగాలు ఈ నెమ్మది అల పట్టుకొని ఒకరితో ఒకరు సమయం కలుపుకుంటాయని అనుకుంటున్నారు.

నాకు ఇది చదవగానే మా గూడెంలో రేల ఆట కళ్ల ముందు కనిపించింది. డోలు నెమ్మదిగా పడుతుంది. ఆడవాళ్లం భుజాల మీద చేతులు వేసుకొని గుండ్రంగా తిరుగుతాము. ఒక డోలు దెబ్బకు ఇంకో దెబ్బకు మధ్య గజ్జెలు ఎన్నోసార్లు మోగుతాయి. గజ్జెలకు డోలు కనిపించదు, కాని డోలు లేకపోతే గజ్జెలు చెదిరిపోతాయి. థీటా డోలు అనుకోండి, గామా గజ్జెలు అనుకోండి. 1995లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఆలోచన చెప్పారు. ఒక డోలు దెబ్బలో ఇమిడే ఒక్కొక్క గజ్జె చప్పుడు మనం గుర్తు పెట్టుకునే ఒక్కొక్క సంగతి అని, అందుకే మనకు ఒకేసారి ఏడు దాకా సంగతులే నిలుస్తాయని. ఇది ఇంకా పరీక్షలోనే ఉంది. తెలుగు సారు చెప్పిన అష్టావధానంలో ఎనిమిది మంది ఎనిమిది పనులు అడిగితే ఒక్క మనిషి అన్నీ నిలుపుకుంటారు. వారి డోలు ఎంత గట్టిదో అనుకున్నాను.

మన సంగతి కూడా చెప్పాలి. నాకు లెక్క తెలుగులో చెబితే, నేను లోపల కోయలో అనుకొని, చేసి, మళ్లీ తెలుగులో చెబుతాను. అందుకే ఆలస్యం అవుతది. ఇదివరకు నేను మొద్దుదాన్ని అనుకునేదాన్ని. ఇప్పుడు నా తలలో రెండు పనులు నడుస్తున్నాయి అనుకుంటున్నాను.

రాయాలా వద్దా అనుకున్న సంగతి

ఇంతవరకు రాసి వ్యాసం అయిపోయింది అనుకున్నాను. మేడం కంప్యూటరులో ఇంకొక వ్యాసం చూపించి చదివి చెప్పారు. అది విన్నాక రెండు రోజులు నేను ఏమీ రాయలేదు.

జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం 1933లో ఒక చట్టం చేసింది. వంశంలో జబ్బు ఉన్నదని తేల్చినవారికి పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషను చేయాలని ఆ చట్టం. మందబుద్ధి అన్నవారు, మనసు జబ్బు ఉన్నవారు, పుట్టు గుడ్డివారు, చెవిటివారు ఆ పట్టికలో ఉన్నారు. వంశంలో వచ్చే మూర్ఛ కూడా ఉంది. మూర్ఛ అంటే ఫిట్సే. ఎవరికి చేయాలో నిర్ణయించడానికి ప్రత్యేకంగా కోర్టులు పెట్టారు, వాటిలో డాక్టర్లు కూర్చున్నారు. దాదాపు నాలుగు లక్షల మందికి అట్లా చేశారు.

బెర్గర్‌ను హిట్లర్ మనుషులు బాధ పెట్టి పదవి నుండి దింపారని పాత పుస్తకాలు రాశాయి. తర్వాత పాత రికార్డులు తీసి చూసినవాళ్లకు వేరే నిజం దొరికింది. బెర్గర్ 1938లో వయసు అయిపోయి మామూలుగానే రిటైరు అయ్యారు. యేనాలో అట్లాంటి కోర్టులో ఆయన సభ్యునిగా కూర్చున్నారు.

నేను మా తమ్ముని గురించే ఆలోచించాను. వాడు యేనాలో పుట్టి ఉంటే? బెర్గర్ యంత్రం వాని జబ్బు చెప్పేది. ఆ జబ్బు పేరుతోనే వాన్ని ఆ కోర్టు ముందు నిలబెట్టేవారు. తలరాత చదవడం నేర్పినవారు ఇతరుల తలరాత రాయడానికి కూర్చున్నారు. నాకు కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది.

ఈయన వద్దు, వేరేవారి గురించి రాస్తాను అని వార్డెన్ మేడంతో అన్నాను. మేడం తిట్టలేదు. మంచి ఒక్కటే రాస్తే అబద్ధం అవుతది, చెడ్డ ఒక్కటే రాసినా అబద్ధమే, రెండూ రాయమన్నారు. అందుకే రాశాను.

చివరి రోజులు

బెర్గర్‌కు చివరి కాలంలో మనసు కుంగిపోయే జబ్బు వచ్చింది. ఎన్నో ఏళ్లు అట్లాంటి రోగులకే వైద్యం చేసిన మనిషి, 1941 జూన్ 1న యేనాలో తన ప్రాణం తానే తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 68. మనసులో అంత బాధ ఉన్నప్పుడు ఎవరితోనైనా చెప్పుకోవాలి. మనకు హాస్టల్లో అక్కలు, మేడంలు ఉన్నారు.

మనం నేర్చుకోవలసినది

ఆయన ఐదేళ్లు తన మీద తానే అనుమానపడి, ఒక్కొక్కటీ పరీక్షించి చెప్పిన ఓపికను మనం నేర్చుకోవాలి. యంత్రం మీద ఆయన అనుమానపడ్డారు, కాని కోర్టు చెప్పే మాట మీద అంత అనుమానపడలేదు. అది మనం నేర్చుకోకూడదు.

ఇంకొకటి. ఆయన తలకైనా, ఆయన కొడుకు తలకైనా, పట్నం డాక్టరమ్మ తలకైనా, మా అమ్మ వేలిముద్ర వేసే తలకైనా వైర్లు పెడితే కళ్లు మూసుకున్నప్పుడు దాదాపు అదే పది అలలు వస్తాయి. కష్టమైన పని ఇస్తే తగ్గుతాయి. ఈ సంగతి మొదట చూసింది బెర్గరే.

మా తమ్ముడు ఇప్పుడు ఐదో తరగతి. ఎక్కాలు పన్నెండు దాకా వచ్చు. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు వానికి 100లో నుండి 7 తీసే లెక్క ఇస్తాను.

ఈ కాగితం కింద కొంచెం జాగా ఖాళీగా ఉంచాను. బెర్గర్‌ను మన గొప్పవారి వరుసలో ఉంచాలా వద్దా, మీకు ఏమనిపిస్తే అది పెన్సిలుతో రాయండి. పేరు రాయకపోయినా ఫరవాలేదు. నా రాతలో తప్పులుంటే దిద్దండి.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి